కుందేటి కొమ్ముల గుట్ట

నేను కర్నూలులో ఒక డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. నా తరగతిలో పిల్లల తలలు ఎప్పుడూ వంగే ఉండేవి. పుస్తకాల మీదికి కాదు, బెంచీ కింద ఒళ్లో పెట్టుకున్న ఫోన్ల మీదికి. కరోనా కాలంలో పాఠాలన్నీ ఆ చిన్న అద్దంలోనే విన్న పిల్లలు వాళ్లు. తరగతి గది మళ్లీ తెరుచుకున్నా వాళ్ల చూపు దాంట్లోంచి బయటికి రాలేదు. తిట్టి చూశాను. ఫోన్లన్నీ తీసి నా బల్ల మీద పెట్టించాను. తలలు పైకి లేచాయి గానీ కళ్లు నా దాకా రాలేదు, కిటికీలోంచి బయటికి పోయాయి. చివరికి, వాళ్లు ఎక్కడుంటే నేనూ అక్కడికే పోదామనుకున్నాను.

అట్లా మొదలైంది సోషల్ మీడియాలో మా తరగతి పేజీ. తరగతిలోని ప్రతి విద్యార్థీ వారానికో మొక్కను తన ఊరి నుంచి తేవాలి. తెంపి కాదు, ఫోటో తీసో చిన్న వీడియో తీసో. కింద నాలుగు సంగతులు రాయాలి. ఊళ్లో దాన్ని ఏమంటారు, శాస్త్రీయ నామం ఏమిటి, దాని ప్రత్యేకత ఏమిటి, ఎక్కడ దొరికింది. దీనికి ఇంటర్నల్ మార్కులు ఉంటాయని చెప్పాను.

మొదటి వారం అందరూ నెట్లోంచి గులాబీలు, తామరలు దింపి పెట్టారు. వెనక్కి కొట్టాను. మీ గడప దాటి చూడండి, అక్కడేముందో అదే కావాలి అన్నాను. తర్వాత వచ్చాయి అసలు మొక్కలు. నోరు తెరిచి ఒక్క ప్రశ్నకూ జవాబు చెప్పని ఒక అబ్బాయి తన ప్యాంటుకు అంటుకున్న ఉత్తరేణి గింజల ఫోటో పెట్టి, ‘నన్ను బస్సు చార్జీ లేకుండా వాడుకుంటున్న మొక్క’ అని రాశాడు. విత్తన వ్యాప్తి గురించి నేను బోర్డు మీద గంటలకొద్దీ చెప్పింది ఆ ఒక్క వాక్యంలో ఉంది. పాతబస్తీ నుంచి వచ్చే ఒక అమ్మాయి, వాళ్ల నానీ, అంటే అమ్మమ్మ, నూనె డబ్బాలో పెంచుతున్న గోరింట మొక్కను చూపించింది. తంగేడు పూలు ఏ నెలలో పూస్తాయని కామెంట్లలో వాదులాడుకున్నారు. మా ఊళ్లో ముందు పూస్తాయంటే మా ఊళ్లో ముందని. తరగతిలో వాదన అనేది నేను విని ఎన్నేళ్లయిందో.

నిజం చెప్పాలంటే పిల్లల కంటే ముందు నాకే ఆ పేజీ వ్యసనమైంది. పొద్దున లేవగానే కాఫీ కంటే ముందు ఎన్ని గుండె గుర్తులు వచ్చాయో చూసుకునేదాన్ని.

ఆ తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. ఓర్వకల్లు దాటి లోపలికి పోతే రాళ్ల గుట్టల మధ్య ఒక పల్లె, అక్కడి నుంచి బస్సులో వచ్చేది. బస్సు ఆలస్యమయ్యేది కాబట్టి తలుపు పక్కన చివరి బెంచీలో కూర్చునేది. ఆమె పెట్టే మొక్కలు ఎప్పుడూ గడువు దాటాకే వచ్చేవి. బద్ధకమనుకుని ఒకసారి అందరి ముందూ అన్నాను. ఇంట్లో ఉన్న మంచి ఫోను ఒక్కటేననీ, అది ఆమె అన్నదనీ, అతను డ్యూటీ దిగి ఇంటికొస్తేనే ఆమె చేతికి దొరుకుతుందనీ తర్వాత ఆమె స్నేహితురాలు చెప్పింది. ఆ అమ్మాయిని పిలిచి గడువు సంగతి పట్టించుకోవద్దన్నాను. అంతకు మించి ఏమీ అనలేదు.

కొన్ని వారాల తర్వాత ఆమె అన్న ఫోను అడిగి తెచ్చుకుని, అందులో తీసిన ఒక వీడియోతో నా గదికి వచ్చింది. పేజీలో పెట్టకముందే చూపిద్దామని. అందులో వాళ్ల అమ్మ ఉంది. మేకలు కాస్తూ గుట్ట మీద ఒక ముళ్ల పొద పక్కన కూర్చుని ఉంది. పొద కిందికి చెయ్యి పెట్టి, ఆకుల్లేని పలకల పలకల కాడనొకదాన్ని తుంచి, కొంగుకు తుడిచి కసుక్కున కొరికింది.

“కుందేటి కొమ్ములంటాం మేము,” అంది నములుతూ. “చిన్నప్పుడు మేకలెంబడి పోతే ఇవే తింటుంటిమి. రెండు నమిల్తే సాయంత్రం దాంకా ఆకలి అనిపియ్యదు. ఇంట్లో సంగటి లేని దినాలు శానా ఇట్లనే ఎల్లదీసినాం.” అని నవ్వింది. కెమెరా పట్టుకున్న కూతురి నవ్వు కూడా వినబడింది.

కింద పెట్టడానికి అమ్మాయి రాసుకొచ్చింది చదివి ఆశ్చర్యపోయాను. ఆకులు చేసే పనిని కాడే ఎందుకు చేస్తుందో, ఆ ముదురు రంగు పూల వాసన తేనెటీగలను కాక ఈగలను ఎందుకు పిలుస్తుందో తన మాటల్లో, తప్పు లేకుండా రాసింది. అప్పటిదాకా మా పేజీలో వచ్చిన వాటిలో అదే మేలైనది. అదే మాట ఆమెతో అన్నాను. ఆమె సంతోషపడింది గానీ వెళ్లకుండా నిలబడింది.

“మేడం, ఊరి పేరు, గుట్ట పేరు రాయాల్నా?” అని అడిగింది. “మా అమ్మ వద్దంటాది. ఉండేదే ఆ కొంచెం, అందరికీ చెప్పేది యాల అంటాది.”

నేను నవ్వాను. మొక్క దొరికిన చోటు రాయకపోతే ఆ నమూనా శాస్త్రానికి పనికిరాదని చెప్పాను. మా డిపార్ట్‌మెంటు బీరువాలో ఎండబెట్టి అంటించిన పాత మొక్కలను తీసి చూపించాను. ప్రతి అట్ట మీదా ఊరు, వాగు, కొండ పేర్లు. “నూరేళ్ల తర్వాత ఎవరైనా ఈ మొక్కను వెతుక్కుంటా వస్తే యాడికి పోవల్ల పాపా?” అన్నాను. ఆమె తల ఊపింది. ఊరి పేరు, గుట్ట పేరు రాసి, మ్యాపులో ఆ చోటి గుర్తు కూడా పెట్టింది.

నూరేళ్లు పట్టలేదు.

మొదట మా వాళ్లే చూశారు. తర్వాత ఎవరో కామెంట్లో అడిగారు, ఆకలి వెయ్యదంటే బరువు తగ్గుతారా అని. ఆ ప్రశ్నకు అమ్మాయి జవాబివ్వలేదు, నేనిచ్చాను. ఈ జాతి మొక్కలకు ఆకలిని మందగింపజేసే గుణం ఉందంటారు, అయితే ఇంకా లోతుగా పరిశీలించాల్సి ఉంది అని, పక్కన నా ఉద్యోగ హోదా కనిపించేలా. పంచుకున్నవాళ్లు నా వాక్యంలో మొదటి సగమే పంచుకున్నారు. నేను రెండో సగం రాశాను కదా అని ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను. కానీ ఆ జవాబు రాసేటప్పుడు నాలో ఉన్నది శాస్త్రం కాదు, అంతమంది నన్ను అడుగుతున్నారన్న ఉబలాటం. అది నాకు అప్పుడే తెలుసు.

వీడియో మా చేతులు దాటి ఎక్కడెక్కడికో పోయింది. హైదరాబాదు నుంచి, బెంగుళూరు నుంచి మనుషులు రాశారు. మా నాయనమ్మ కూడా ఇది తినేదని కొందరు, ఎక్కడ దొరుకుతుందని చాలామంది. చోటు కిందనే ఉంది చూడండి అని వాళ్లకు వాళ్లే చెప్పుకున్నారు.

తరగతిలో మాత్రం నేను కలగన్నదే జరిగింది. ఆ అమ్మాయి ముందు బెంచీకి వచ్చింది. ఒకరోజు నేను సుద్దముక్క ఆమె చేతికిచ్చి, ఎండదేశపు మొక్కలు ఊపిరి ఎట్లా పీలుస్తాయో చెప్పమన్నాను. బోర్డు మీద బొమ్మ గీసి, “మనూళ్లో ఎండాకాలం జనం పగలు తలుపులు మూసుకోని రాత్రి తెరిచి పెట్టుకుంటారే, అట్ల,” అంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ రోజు ఒక్క తలా వంగి లేదు. డిపార్ట్‌మెంటు అధిపతి మెచ్చుకున్నారు. కడపలో అధ్యాపకుల కోసం ఒక వర్క్‌షాపు పెడుతున్నారనీ, సోషల్ మీడియాతో పిల్లలను చదువువైపు ఎట్లా తిప్పవచ్చో నన్ను మాట్లాడమనీ పిలుపు వచ్చింది. కడప మా సొంత ఊరు. నేను చదువుకున్న ఊళ్లో నన్ను వేదిక ఎక్కిస్తామంటే కాదనేదెట్లా.

ఆ వర్క్‌షాపుకు కొద్ది రోజుల ముందు, ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయి నా గదికి వచ్చి తలుపు దగ్గరే నిలబడింది.

“మేడం, మా గుట్ట కాడికి ఎవరెవరో వస్తాండారు,” అంది.

కూర్చోబెట్టి అడిగితే చెప్పింది. మొదట బైకుల మీద వచ్చి ఒకటీ అరా తెంపుకుని పోయారట. ఇప్పుడు సంచులు తెస్తున్నారు. తెంపడం లేదు, వేళ్లతో సహా పెరుకుతున్నారు. వాళ్ల అమ్మ అడ్డం పోతే, గుట్ట నీదా అని అడిగారట. ఎవరో వ్యాపారి ఊళ్లోవాళ్లతోనే పెరికించి కొంటానని కబురు పెట్టాడని కూడా విన్నదట.

“మీరొకసారి వచ్చి ఊళ్లో చెప్తే ఇంటారేమో మేడం. మాది ఎవరూ ఇనరు. ఆ వీడియో గూడా తీసేద్దామా?”

ఆదివారం వస్తానన్నాను. మాట నోట్లోంచి వచ్చాక గుర్తొచ్చింది, ఆదివారం కడపలో ఉండాలి. అయితే ఆపై ఆదివారం తప్పకుండా వస్తానన్నాను. వీడియో సంగతి ఆలోచిద్దాం అన్నాను. ఆలోచించడానికి ఏమీ లేదు. కడపలో తెర మీద చూపించడానికి అది నాకు కావాలి, అంతే. ఆ మాట ఆమెతో అనలేదు. ఆమె “సరే మేడం,” అని వెళ్లిపోయింది.

కడపలో హాలు నిండుగా ఉంది. నాకు ఒకప్పుడు పాఠం చెప్పిన మేడం ముందు వరసలో కూర్చున్నారు. నేను వంగిన తలల గురించి చెప్పాను, ఉత్తరేణి గింజల గురించి చెప్పాను, చివరి బెంచీ నుంచి మొదటి బెంచీకి వచ్చిన అమ్మాయి గురించి చెప్పాను. అన్నీ నిజాలే. తర్వాత ఆ వీడియో పెట్టాను. గుట్ట మీద కూర్చున్న ఆ తల్లి అంత పెద్ద తెర మీద కొంగుతో కాడను తుడిచి కొరికింది. ఆమె నవ్విన చోట హాలంతా నవ్వింది. ఎంతమంది చూశారో చెబితే చప్పట్లు కొట్టారు. వెనక నుంచి ఒక యువ అధ్యాపకుడు లేచి, దీనివల్ల ఇబ్బందులేమైనా వచ్చాయా మేడం అని అడిగాడు. గుట్ట మీదికి సంచులతో వస్తున్నవాళ్ల సంగతి గుర్తొచ్చింది. పిల్లల సమయం వృథా కాకుండా చూసుకోవాలి, చెడ్డ కామెంట్లు తీసేస్తూ ఉండాలి అని చెప్పి మైకు కింద పెట్టాను.

శాలువా కప్పారు. ఎవరో ఆ ఫోటో పెట్టి నా పేరు జతచేశారు. తిరిగి కర్నూలు పోతున్న బస్సులో, మైదుకూరు దాటాక ఫోను తీసి చూశాను. ఆ ఫోటో కింద గుండె గుర్తు పెట్టినవాళ్లలో ఆ అమ్మాయి కూడా ఉంది. దూరంగా నల్లమల కనిపిస్తున్నంతసేపూ కిటికీ వైపే తిరిగి కూర్చున్నాను. ఫోను వాళ్ల అన్నది కదా, అతనే నొక్కి ఉంటాడులే అనుకున్నాను. వాళ్ల అన్న నన్ను ఎన్నడూ చూడలేదు.

ఆపై ఆదివారం వాళ్ల ఊరికి పోయాను. అమ్మాయి బస్సు దిగేచోటికి వచ్చి నన్ను నేరుగా గుట్ట మీదికి తీసుకుపోయింది. చెప్పడానికి ఏమీ మిగల్లేదు. ప్రతి ముళ్ల పొద కిందా ఒక గుంత. చెయ్యి పట్టని చోట పొదలనే కొట్టేసి పక్కన పడేశారు. ఎర్ర మట్టి తిరగబడి ఎండిపోయి ఉంది. పోయిన ఆదివారం, నేను కడపలో ఉన్న రోజు, పెద్ద ట్రాలీ ఆటో ఒకటి వచ్చిందట. కూలి ఇస్తామంటే ఊరివాళ్లే పెరికి నింపారట. నేను ముందు వచ్చి ఉంటే ఆపగలిగేదాన్నో లేదో నాకు తెలియదు. తెలియకపోవడం వల్ల ఈ భారం తగ్గలేదు, పెరిగింది.

అమ్మాయి గుంతల చుట్టూ తిరుగుతూ, తెగి పడిపోయిన ముక్కలను ఏరి చున్నీలో వేసుకుంటోంది. నేనూ మోకాళ్ల మీద కూర్చుని ఏరాను. చాలావరకు కాళ్ల కింద నలిగిపోయినవే.

ఇంటికి పోతే వాళ్ల అమ్మ మజ్జిగ ఇచ్చింది. వీడియోలో కంటే సన్నగా, పొట్టిగా ఉంది. నాకంటే చిన్నదే అయి ఉంటుంది. అయినా నేను అక్కా అనే పిలిచాను. ఊరివాళ్ల మీద కోపంగా ఉందా అని అడిగితే, పనుల్లేని దినాలు, వాళ్లనేమంటాం అంది. నేను క్షమించమని అడగాలని మాటలు కూడగట్టుకుంటూ ఉండగా, ఆమె తన కొడుకు ఫోను తెచ్చి నా ముందు పెట్టింది.

అదొక ప్రకటన. నడుము కొలుచుకుంటున్న ఒక సన్నని అమ్మాయి, ఒక పొడి డబ్బా. వెనక నుంచి గొంతు వినిపిస్తోంది, రెండు నమిల్తే సాయంత్రం దాంకా ఆకలి అనిపియ్యదు అని. సంగటి లేని దినాల మాట కోసేశారు.

“ఇది నా గొంతే గదా మేడమ్మా?” అని అడిగింది.

అవునన్నాను.

“నేను చెప్పింది కూడు లేని దినాల సంగతి. వాళ్లు కూడు ఎక్కువైనోళ్లకు చెప్పుకుంటాండారు,” అంది. కోపంగా కాదు. చదువుకున్నదాన్ని, ఫోన్లో వచ్చిన తప్పును దిద్దే దారి నాకు తెలిసి ఉంటుందని, దిద్దమని అడిగినట్టు అంది. “తీసేపిచ్చేదానికి అయితాదా?”

ప్రయత్నిస్తానన్నాను. నిజంగానే ప్రయత్నించాను. ఆ ప్రకటన పెట్టినవాళ్లకు రాస్తే నన్ను బ్లాక్ చేశారు. ఫిర్యాదు పెట్టాను, ఒకటి తీస్తే ఇంకో పేరుతో మరొకటి వచ్చింది. మా పేజీలోని వీడియో తీసేశాను గానీ, అప్పటికే అది మాది కాదు. జరిగిందంతా రాసి, ఈ మొక్కను పెరకవద్దని ఒక పోస్టు పెట్టాను. అది మా తరగతి దాటి పోలేదు. పేజీలో చోటు రాయాలన్న నియమం ఎత్తేసి, పాత పోస్టుల్లోని ఊర్ల పేర్లన్నీ పిల్లలతో తుడిపించాను. ఎందుకు తుడవాలో వాళ్లకు చెప్పినప్పుడు ఆ అమ్మాయి వైపు చూడలేకపోయాను.

ఏరిన ముక్కలను నీడలో ఆరబెట్టి ల్యాబు వెనక కుండీల్లో నాటాం. తరగతిలో కొందరు తోడొచ్చారు. చాలా కుళ్లిపోయాయి, కొన్ని వేరు పట్టాయి. వానలు పడ్డాక కొన్నింటిని తీసుకుపోయి గుట్ట మీద పొదల కింద పెట్టాం. మేకలు తిన్నవి తినగా నాలుగైదు బతికాయని ఆ అమ్మాయి చెప్పింది. ఆమె ఆ తర్వాత పేజీలో ఏమీ పెట్టలేదు. నేను మార్కులు తగ్గించలేదు, ఎందుకు పెట్టడం లేదని అడగనూ లేదు. మళ్లీ చివరి బెంచీకి పోలేదు గానీ ముందు బెంచీలోనూ కూర్చోలేదు. మధ్యలో ఎక్కడో కూర్చుని, అడిగితే జవాబు చెప్పేది. పరీక్షలు బాగా రాసింది. ఇప్పుడు కడపలో పీజీ చదువుతోంది.

మొన్నామధ్య సర్టిఫికెట్ పని మీద వచ్చి నన్ను చూడ్డానికి ఆగింది. ల్యాబు వెనక్కి పోయి కుండీలు చూసింది. ఒకదానికి పూలున్నాయి, ఈగలు వాలుతున్నాయి. అక్కడ నిలబడి ఉన్నప్పుడు నేను చెప్పేశాను. కడపలో చూపించడం కోసమే ఆ వారం వీడియో తీసెయ్యకుండా ఉంచాననీ, అక్కడ అడిగితే కూడా గుట్ట సంగతి చెప్పలేదనీ.

“తెలుసు మేడం,” అంది ఆమె. కుండీలో గడ్డి మొలకను పీకి పక్కన పడేసింది. “ఆ పొద్దు మీరు మాట్లాడింది లైవ్‌లో వస్తాంటే చూస్తిమి. మా అమ్మ గూడా చూసింది. గుట్ట కాడ బండి నిలబడి ఉన్నింది అప్పుడు. మీరు చెప్తారేమో అని చూస్తిమి.”

గుండె గుర్తు ఎవరు పెట్టారో అడిగే ధైర్యం రాలేదు. తప్పయిపోయింది పాపా అన్నాను. ఆ మాట అనడానికి నాకు ఇంతకాలం పట్టింది. ఆమె పర్వాలేదని అనలేదు. అనకపోవడమే నాకు మేలనిపించింది. అని ఉంటే నేను నమ్మేదాన్ని.

గేటు దాకా తోడు వెళ్లాను. చదువు గురించి అడిగితే, ఎండ ప్రాంతాల మొక్కల మీదే ప్రాజెక్టు చేస్తున్నానని చెప్పింది. సెలవుల్లో ఊరికొచ్చినప్పుడు అమ్మతో కలిసి చుట్టుపక్కల గుట్టలన్నీ తిరుగుతోందట. బస్సు కోసం చూస్తూ, నా వైపు తిరగకుండానే అంది.

“కుందేటి కొమ్ములు ఇంగో చోట శానా ఉండాయి మేడం. మొన్ననే అగుపడినాయి.” కొంచెం ఆగి, మెల్లగా, “యాడ అని అడగద్దండి,” అంది.

అడగనన్నాను. బస్సు వచ్చింది. ఎక్కి కిటికీ దగ్గర కూర్చుని, పోయొస్తా మేడం అని చెయ్యి ఊపింది. నేనూ ఊపాను.